స్టాంపు మీద రాజు తల ఉన్నంత మాత్రాన అది బ్రిటిష్ కాలపు ఉత్తరం కాదు

తరవాత చదివేవారి కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. జమ్మలమడుగు దగ్గర మీ పాత ఇంట్లో, రేకు పెట్టెలో, ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం ఒకటి కవరుతో సహా దొరికింది. పైన ‘ఆర్మ్‌డ్ ఫోర్సెస్ అకాడమీ, డెహ్రాడూన్’ అని అచ్చు ఉంది. తేదీ ఉండాల్సిన మూలను చెదలు తినేశాయి. ఉత్తరం మీ ముత్తాతగారి పేరున వచ్చింది. మీ కుమారుడు జాయింట్ సర్వీసెస్ వింగ్‌లో ప్రవేశానికి ఎంపికయ్యాడు, జతపరిచిన బాండు మీద సంతకం చేసి పంపండి, అతని చేతిఖర్చుకు నెలనెలా డబ్బు అందే ఏర్పాటు చేయండి అన్నది అందులోని విషయం. కవరు మీద ‘సర్వీస్’ అని ముద్ర కొట్టిన, రాజు తల ఉన్న స్టాంపు. ఉత్తరం వెనక పెన్సిలుతో తెలుగులో ఏదో జాబితా. మీ పెదతాతగారు బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్ అయ్యారని, రెండో ప్రపంచ యుద్ధంలో నేతాజీ వైపు వెళ్ళిపోయారని ఇంట్లో ఒక మాట. కాదు, 1962లో చైనా యుద్ధంలో పోయారని ఇంకో మాట. రెండింటిలో ఏది నిజం, ఎక్కడ వెతకాలి అని అడిగారు.

నా నౌకరీ అంతా సైన్యంలో గుమాస్తా పనిలోనే గడిచింది. అనంతపురంలో స్థిరపడ్డాక మాజీ సైనికుల పింఛను కాగితాలు, పాత రికార్డులు చూసిపెట్టడం వ్యాపకంగా మారింది. ఇటువంటి ఉత్తరాలు పట్టుకుని వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. అందరూ ముందు ఉత్తరంలోని విషయం చదువుతారు. నేను ముందు తలకట్టు, అంటే కాగితం పైన అచ్చయిన కార్యాలయం పేరు, చూస్తాను.

డెహ్రాడూన్‌లోని అకాడమీ పేరు ఎన్నిసార్లు మారిందో తెలిస్తే మీ సందేహంలో సగం తీరిపోతుంది. 1932 అక్టోబరు 1న అది ఇండియన్ మిలిటరీ అకాడమీగా మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక, మూడు దళాల కుర్రాళ్ళకూ మొదట ఒకేచోట శిక్షణ ఇవ్వాలని నిర్ణయించి, 1949 జనవరి 1 నుంచి దాన్ని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ అకాడమీ అన్నారు. మీ ఉత్తరంలో ఉన్న జాయింట్ సర్వీసెస్ వింగ్ ఆ రోజే డెహ్రాడూన్ పక్కన క్లెమెంట్ టౌన్‌లో మొదలైంది. ఏడాది తిరగగానే, 1950 జనవరిలో, మళ్ళీ పేరు మార్చి నేషనల్ డిఫెన్స్ అకాడమీ చేశారు. అంటే మీ తలకట్టు మీదున్న పేరు బతికింది ఒక్క సంవత్సరం. ప్రభుత్వ కార్యాలయాలు పాత స్టేషనరీని అంత తొందరగా పారేయవు కాబట్టి 1950లో కొన్ని నెలలు ఆ కాగితాలే వాడారేమో అనుకోవచ్చు. వెనక్కి మాత్రం జరగదు. 1949కి ముందు ఆ పేరుతో కాగితం అచ్చయ్యే అవకాశమే లేదు. చెదలు తిన్న తేదీ గురించి ఇక బెంగ పెట్టుకోకండి.

కాబట్టి నేతాజీ కథను పక్కన పెట్టేయండి. జాయింట్ సర్వీసెస్ వింగ్‌లో చేర్చుకున్నది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలను. 1949లో ఆ వయసువాడు ఆజాద్ హింద్ ఫౌజ్ రోజుల్లో ఏ నాలుగో తరగతో, ఐదో తరగతో చదువుతుంటాడు. ఉత్తరం కుర్రాడి పేరున కాక తండ్రి పేరున ఎందుకు వచ్చింది అని మీరు అడిగిన దానికి జవాబూ ఇదే. కుర్రాడు మైనరు. బాండు మీద అతని సంతకం చెల్లదు, తండ్రి చేయాలి. మధ్యలో తండ్రి కొడుకును వెనక్కి పిలిపించుకుంటే అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలన్నది అలాంటి బాండ్లలో ఉండే ముఖ్యమైన షరతు. జమ్మలమడుగు ప్రాంతంలో, వానలు మొహం చాటేసిన ఏడాది, అలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఒక రైతు ఎంత ఆలోచించి ఉంటాడో మీరే ఊహించుకోండి.

ఇక స్టాంపు. మీ ఇంట్లో బ్రిటిష్ సైన్యం కథ పుట్టింది దీనివల్లే అని నా అనుమానం. రాజు బొమ్మ కనబడగానే తెల్లవాళ్ళ కాలం అనుకోవడం సహజం. కానీ 1947 ఆగస్టు 15కీ 1950 జనవరి 26కీ మధ్య మనది డొమినియన్. చట్టరీత్యా రాజుగారు అలాగే ఉన్నారు. రాజు తల లేని సాధారణ స్టాంపుల వరుస, శిల్పాలూ కట్టడాల బొమ్మలతో, 1949 ఆగస్టు 15న గాని రాలేదు. ప్రభుత్వ కార్యాలయాలు వాడే సర్వీస్ స్టాంపుల మీదికి అశోక స్తంభం వచ్చింది 1950లో. కాబట్టి స్వతంత్ర భారత సైన్యం రాసిన ఉత్తరం మీద ఆరో జార్జి తల ఉండటంలో వింతేమీ లేదు. ఇంగ్లీషులో ఆ వినయవిధేయతల మర్యాదలు కూడా అంతే. దొరలు వెళ్ళినా గుమాస్తాలు వాళ్ళే, టైపు మిషన్లు అవే.

నిజంగా బ్రిటిష్ కాలంలో మన జిల్లాల కుర్రాడు అక్కడ సీటు సంపాదించడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. ఎందుకంటే ‘మా తాత 1930ల్లోనే డెహ్రాడూన్‌లో చదివాడు’ అన్న మాట నేను తరచుగా వింటుంటాను. 1932కు ముందు అధికారి కావాలంటే ఇంగ్లండులోని సైనిక కళాశాల శాండ్‌హర్స్ట్‌కే వెళ్ళాలి. 1918 నుంచి భారతీయులకు అక్కడ మొదట ఇచ్చింది ఏడాదికి పది సీట్లు. డెహ్రాడూన్ అకాడమీ మొదటి విడతలో తీసుకున్నది నలభై మందిని. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ఆ నలభై మందిలో ఒకరు. ఒక్కో విడతకు నలభై సీట్లలో పదిహేను బహిరంగ పోటీ పరీక్షకు, పదిహేను అప్పటికే సైన్యంలో జవాన్లుగా ఉన్నవారికి, పది సంస్థానాల సేనలకు. మనవాళ్ళకు జవాన్ల కోటా అక్కరకు వచ్చేది కాదు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని తెల్లదొరలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పదాతిదళంలోకి భర్తీని ఎండగట్టారు. 1928లో పాత మద్రాసు రెజిమెంటును, 1933లో మద్రాస్ పయనీర్లను రద్దు చేశారు. బెంగళూరు శాపర్లు (సైన్యంలో ఇంజినీరింగు దళం) ఒక్కరే మిగిలారు. సంస్థానాల కోటా బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న దత్తమండలాలకు, అంటే మన రాయలసీమ జిల్లాలకు, వర్తించదు. ఇక మిగిలింది ఆ పదిహేను. దేశం మొత్తానికి. పైగా ఫీజు తల్లిదండ్రులే కట్టుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక ఎమర్జెన్సీ కమిషన్లు (కమిషన్ అంటే సైన్యంలో అధికారిగా నియామకం) మొదలై తలుపులు కాస్త తెరుచుకున్నాయి. తరవాత సైన్యాధిపతి అయిన జనరల్ కె.వి. కృష్ణారావుగారు 1942లో కమిషన్ అందుకున్నది ఆ రోజుల్లోనే.

మీ పెదతాతగారి సంగతి అది కాదు. ఆయన స్వతంత్ర భారతం కొత్తగా పెట్టిన పద్ధతిలో ఎంపికైన తొలి కుర్రాళ్ళలో ఒకరు. నా దృష్టిలో ఇంట్లో చెప్పుకునే కథకంటే ఇదే గొప్ప విషయం. ఆ సమయం కూడా గుర్తుంచుకోండి. 1948 సెప్టెంబరులోనే హైదరాబాదు మీద సైనిక చర్య జరిగింది. తుంగభద్రకు అవతల నైజాం రాజ్యం, ఇవతల కర్నూలు. మన జిల్లాల్లో ఏ రచ్చకట్ట మీద చూసినా మిలిటరీ కబుర్లే. కాలేజీ కుర్రాడి మనసు అటు లాగడానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎంపిక ఉత్తరం వేరు, చేరడం వేరు, కమిషన్ రావడం వేరు. మీ చేతిలో ఉన్నది మొదటిదే. ఈ మూడింటినీ ఒకటిగా చూడటం వల్లే కుటుంబ కథలన్నీ దారి తప్పుతాయి. ఎంపికై చేరనివాళ్ళున్నారు. చేరి ఆరు నెలలకే తిరిగొచ్చినవాళ్ళున్నారు. చదువులో వెనకబడి, ఆరోగ్యం చెడి, చలికి తట్టుకోలేక, ఇంటి దగ్గర తండ్రి పోయి రాకతప్పక వచ్చేసినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో మాత్రం వాళ్ళు జీవితాంతం ‘మిలిటరీ ఆఫీసరు’గానే మిగిలిపోతారు.

ఉత్తరంలోనే కొన్ని ఆధారాలు ఉన్నాయి. నేను చూసిన కాగితాల్లో ఎంపిక కబురు మొదట ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయం నుంచి వస్తుంది. అకాడమీయే నేరుగా తండ్రికి రాసిందంటే ఫైలు అప్పటికే డెహ్రాడూన్ చేరిందన్నమాట. వైద్య పరీక్షకు లోబడి అన్న షరతు మీరు ఎత్తిరాసిన భాగంలో ఎక్కడా లేదు. రాత పరీక్ష, సెలక్షన్ బోర్డు, వైద్య పరీక్ష, మూడూ గట్టెక్కాడనే అనిపిస్తోంది. ఇది నా అంచనా, రుజువు కాదు.

వెనక ఉన్న పెన్సిలు జాబితా నాకు ఉత్తరంకంటే ఎక్కువ నచ్చింది. మీరు పెట్టిన ఫొటోలో నాకు చదవగలిగినంత వరకు: ట్రంకు పెట్టె 1, కంబళ్ళు 2, ఉన్ని కోటు, బూట్లు జత, తాళం, మద్రాసు దాకా చార్జి, పైఖర్చులు. పక్కన రూపాయలు, అణాల్లో అంకెలు, కింద మొత్తం. రెండు వస్తువుల పక్కన అడ్డగీత ఉంది. కొన్నవాటికి గీత పెట్టుకున్నారేమో. ‘మద్రాసు దాకా’ అన్న మాట సరిగ్గానే ఉంది. కడపలో బొంబాయి – మద్రాసు లైను పట్టుకుని మద్రాసు వెళ్ళి, అక్కడ గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెజవాడ, కాజీపేట, నాగపూర్ మీదుగా ఢిల్లీ చేరి, మళ్ళీ డెహ్రాడూన్ బండి ఎక్కాలి. మద్రాసు నుంచి పైప్రయాణం ఖర్చు రాయలేదంటే దానికి సర్కారు వారెంటు (టిక్కెట్టుకు బదులు ఇచ్చే ప్రయాణపు కాగితం) ఇచ్చి ఉండాలి, లేదా అది ఇంకో కాగితం మీద ఉండాలి. ఏమైనా ఆ ఇంట్లో ప్రయాణపు సన్నాహం జరిగింది. బాండు మీద సంతకం చేయనని మొండికేసిన తండ్రి కంబళ్ళ లెక్క వేయడు.

చేరాడా లేదా అన్నది తేల్చే కాగితం మీ రేకు పెట్టెలోనే ఉండవచ్చు, దాన్ని చెత్త అనుకుని పారేయకండి. ఉత్తరంలో నెలనెలా చేతిఖర్చు పంపమన్నారు కదా. ఆ రోజుల్లో డబ్బు పంపడమంటే మనియార్డరే. డబ్బు అందుకున్నవాడు సంతకం చేసిన రశీదు ముక్క పోస్టులో తిరిగి పంపినవాడికి వస్తుంది. అరచేతిలో పట్టేంత కాగితం, మీద పోస్టాఫీసు ముద్ర. క్లెమెంట్ టౌన్ ముద్ర, మీ పెదతాతగారి సంతకం ఉన్న రశీదు ఒక్కటి దొరికితే చాలు, ఆయన ఆ తేదీన అక్కడ ఉన్నట్టే. పాత రైతు కుటుంబాల్లో రశీదులను ఇనుప తీగకు గుచ్చి అటకమీద వేలాడదీసేవారు. శిస్తు రశీదులు, ఎరువుల బిల్లుల మధ్య ఇవీ ఉంటాయి. ఒక్కొక్కటీ తిప్పి చూడండి. ఎన్ని నెలల రశీదులు ఉన్నాయో చూస్తే ఆయన అక్కడ ఎంతకాలం ఉన్నదీ తెలిసిపోతుంది.

రెండో దారి కాలేజీ. ఆయన అనంతపురంలో ఇంటర్ చదువుతుండగా వెళ్ళారని రాశారు. 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలైనదే ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. టి.సి. రిజిస్టరు చూపించమని దరఖాస్తు పెట్టండి. అందులో టి.సి. తీసుకున్న తేదీ, కారణం ఉంటాయి. 1949లో, సంవత్సరం మధ్యలో టి.సి. తీసుకుని ఉంటే బలమైన ఆధారం. అక్కడే ఇంటర్ పూర్తి చేసినట్టు ఉంటే ఆయన డెహ్రాడూన్ వెళ్ళనేలేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. (స్కూలు చివరి పరీక్ష) పుస్తకం దొరికితే పుట్టిన తేదీ సరిగ్గా తెలుస్తుంది. అది ముందు ముందు అన్నిచోట్లా అడుగుతారు.

ఇక్కడ చాలామంది డెహ్రాడూన్‌కు రాసి, జవాబు రాక విసిగిపోతారు. జాయింట్ సర్వీసెస్ వింగ్ డెహ్రాడూన్‌లో ఉండిపోలేదు. 1954 చివర పుణె దగ్గర ఖడక్‌వాస్లాకు తరలిపోయింది, నేషనల్ డిఫెన్స్ అకాడమీ పేరును కూడా వెంట తీసుకుపోయింది. డెహ్రాడూన్‌లో మిగిలింది మిలిటరీ కాలేజీ అయి, 1960లో మళ్ళీ ఇండియన్ మిలిటరీ అకాడమీ అయింది. ఖడక్‌వాస్లావాళ్ళు తమ కోర్సులను 1949 జనవరి నాటి మొదటి బ్యాచి నుంచే లెక్కపెట్టుకుంటారు. కాబట్టి మీ లేఖ వెళ్ళాల్సింది అక్కడికి. అన్నట్టు ఆ మొదటి కోర్సు నుంచి వచ్చినవాళ్ళే ముగ్గురు, జనరల్ రోడ్రిగ్స్, అడ్మిరల్ రాందాస్, ఎయిర్ చీఫ్ మార్షల్ సూరి, 1990ల మొదట్లో ఒకే కాలంలో మూడు దళాలకు అధిపతులయ్యారు. మీ పెదతాతగారిది ఆ కోర్సో దాని తరవాతదో గాని, ఆ మైదానంలో ఎదురుపడే ఉంటారు, చేరి ఉంటే.

చేరి, పూర్తి చేసి ఉంటే లెక్క ఇలా వస్తుంది. వింగ్‌లో రెండేళ్ళు, పదాతిదళానికో ఫిరంగి దళానికో అయితే డెహ్రాడూన్‌లోని మిలిటరీ వింగ్‌లో మరో రెండేళ్ళు. అంటే కమిషన్ సుమారు 1953లో. కమిషన్ పొందిన ప్రతి అధికారి పేరూ గెజిట్ ఆఫ్ ఇండియాలో రక్షణ శాఖ ప్రకటనల భాగంలో అచ్చవుతుంది. ఆ కాలపు గెజిట్ సంచికలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి. 1952 నుంచి 1954 వరకు చూడండి.

వెతికేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఉత్తరాది గుమాస్తాకు చివరి మాటే ఇంటిపేరు. పెద్ద ఓబుల్ రెడ్డి అక్కడికి వెళ్ళేసరికి ‘పి.ఓ. రెడ్డి’ అవుతాడు, ఇంటిపేరు మాయమవుతుంది. లేదా ఇంటిపేరు మొత్తం విడదీసి రాసి, అదే అసలు పేరులా కనిపిస్తుంది. సుబ్బారాయుడు, సుబ్బరాయుడు, సుబ్బ రాయుడు ముగ్గురు వేరు వేరు మనుషులైపోతారు. ఇంగ్లీషులో కడప జిల్లా పేరు కూడా అప్పట్లో వేరే అక్షరాలతో రాసేవారు, 2005 దాకా అదే నడిచింది. కంప్యూటరు వెతుకులాటకు ఇవేవీ తెలియవు, కాబట్టి పేజీలు కళ్ళతో చూడటమే మేలు. గెజిట్‌లో పేరు దొరికితే దాని పక్కన గాని, ఇంట్లోని ఏదైనా కాగితంలో గాని ‘ఐ.సి.’ తో మొదలయ్యే నంబరు కనిపిస్తుందేమో చూసుకోండి. అది శాశ్వత కమిషన్ గుర్తు. ‘ఇ.సి.’ అని ఉంటే అది 1962 తరవాతి ఎమర్జెన్సీ కమిషన్, అంటే మీరు వెతుకుతున్నది వేరే మనిషిని. మీ ఇంటి కథలో ఇద్దరి జీవితాలు ఒకరి మెడకే చుట్టుకున్నాయేమోనన్న అనుమానం నాకు ఉంది. ఆయన తమ్ముడో, మేనల్లుడో చైనా యుద్ధం తరవాత చేరాడేమో పెద్దవాళ్ళను అడగండి.

1962లో పోయారన్న మాటను తేల్చడం మాత్రం తేలిక. 1953లో కమిషన్ వస్తే 1962 నాటికి కెప్టెన్‌గా ఉండటం సరిగ్గా సరిపోతుంది, కాబట్టి ఆ కథను నేను కొట్టిపారేయను. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తరవాత ప్రాణాలిచ్చినవారి పేర్లు చెక్కారు. వాళ్ళ వెబ్‌సైటులోనూ వెతకవచ్చు. అక్కడ లేకపోతే ఆయన యుద్ధంలో పోయిన అధికారి కాదనే అనుకోండి.

గెజిట్‌లో పేరు దొరికాకే సర్వీసు రికార్డు కోసం అడగండి. జవాన్ల రికార్డులు ఆయా రెజిమెంట్ల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి, అధికారులవి అక్కడ ఉండవు, ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయంలో ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పది రూపాయలతో పెట్టవచ్చు. ‘మా తాతగారి వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే వ్యక్తిగత సమాచారం అని తిరిగొస్తుంది. పేరు, పుట్టిన తేదీ, గెజిట్ తేదీ, మీ బంధుత్వానికి రుజువు జతచేసి, కమిషన్ తేదీ, రెజిమెంటు, సర్వీసు ముగిసిన తేదీ అనే మూడు సంగతులే అడగండి. కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా ఒకసారి కనుక్కోండి. అయితే అధికారుల్లో అక్కడ పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు తక్కువ. నేను వాళ్ళ మీద పెద్దగా ఆశ పెట్టుకోను.

ఉత్తరాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, చిరిగినచోట టేపు అంటించకండి. వేడికి, జిగురుకి కాగితం పాడవుతుంది. మెత్తని కుంచెతో చెదల మట్టి దులిపి, మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య బల్లపరుపుగా ఉంచి, రెండువైపులా ఫొటో తీయండి. కవరును ఉత్తరం నుంచి విడదీయకండి. దాని వెనకవైపు ఫొటో మీరు పెట్టలేదు. జమ్మలమడుగు పోస్టాఫీసులో చేరిన రోజు ముద్ర సాధారణంగా అక్కడే పడుతుంది. తేదీలో నెల కనబడితే ఆయనది ఏ కోర్సో ఇప్పుడే చెప్పవచ్చు, కాబట్టి ముందు ఆ ఫొటో పెట్టండి.